బల్ల కొనే ముందు బలం ఎటు పోతుందో చూడండి

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు దయచేసి ముందుకు రండి. ఈ రోజు చెప్పేదాని కంటే చూపించేది ఎక్కువ, అంత దూరం నుంచి కనబడదు.

ఇక్కడ ఐటీఐలో వడ్రంగం నేర్చుకుంటున్న పిల్లలు ఉన్నారు. వేరే ఉద్యోగాలు చేసుకుంటూ ఆదివారాలు చెక్క పని మొదలుపెట్టినవాళ్లూ ఉన్నారు. ఈ రెండో వర్గం వాళ్లు నన్ను ఎక్కడ కలిసినా ఫోను తీసి ఒక ఫోటో చూపిస్తారు. బీచ్ అనే విదేశీ చెట్టు కలపతో చేసిన యూరప్ తరహా వడ్రంగి బల్ల. ముందొక వైసు, అంటే మర తిప్పి చెక్కను బిగించే పట్టు, పక్కనొక వైసు, కింద వరుసగా సొరుగులు. "మాస్టారూ, ఇది కొనమంటారా?" అని అడుగుతారు. దాని మీద ఏం చేస్తారని నేను అడుగుతాను. "చెక్క పని" అంటారు.

చెక్క పని అని ఒకే పని ఏదీ లేదండీ. చిత్రిక పట్టేటప్పుడు, అంటే చెక్కను నున్నగా గీకేటప్పుడు, బలం అడ్డంగా పోతుంది. ఉలి మీద కొడతితో, అంటే చెక్క సుత్తితో, కొట్టేటప్పుడు నిట్టనిలువుగా కిందికి దిగుతుంది. రంపంతో కోసేటప్పుడు ముందుకూ వెనక్కూ గుంజుతుంది. శిల్పం చెక్కేటప్పుడు నాలుగు దిక్కులకూ పోతుంది. అలమర బిగించేటప్పుడు బలం సంగతి అంతగా ఉండదు, కానీ బల్ల వంకర లేకుండా ఉండాలి. బల్ల ఉన్నదే మీ చేతి బలానికి ఎదురు నిలబడటానికి. అందుకని ముందు మీ పనిలో బలం ఎటు పోతుందో చూసుకోండి. బల్ల ఎత్తు ఎంత, బరువు ఎంత, వైసు ఎక్కడ, అసలు వైసు కావాలా వద్దా, ఇవన్నీ ఆ జవాబు వెంటే వస్తాయి.

చిత్రికతో మొదలుపెడతాను. బల్ల సత్తా తేలేది అక్కడే.

ఆరడుగుల పలక మీద చిత్రిక నడిపినప్పుడు మీ ఒంటి బరువు పలకను ముందుకు తోస్తుంది. పలక బల్ల మీది అడ్డును తోస్తుంది, అడ్డు బల్లను తోస్తుంది. బల్ల కాళ్లు సన్నవైనా, కాళ్లకు కింద అడ్డకర్రలు లేకపోయినా, ప్రతి తోపుకూ బల్ల కొంచెం ఒరిగి మళ్లీ లేస్తుంది. మీ బలంలో కొంత చెక్క మీదికి పోకుండా బల్లను ఊపడానికే సరిపోతుంది. సాయంత్రానికి భుజాలు లాగేస్తుంటాయి. బ్లేడు మొండిదైందని మీరు దాన్ని మళ్లీ మళ్లీ సానబడుతుంటారు. పాపం, బ్లేడు బాగానే ఉంటుంది.

దుకాణంలో బల్ల చూసేటప్పుడు పైన చేత్తో నిమరడం మానేయండి. బల్ల చివర నిలబడి, తుంటితో ఒక్క తోపు గట్టిగా తోయండి. దుకాణం కుర్రవాడు వింతగా చూస్తాడు, చూడనివ్వండి. బల్ల మొత్తం నేల మీద జరిగిందంటే పరవాలేదు, దానికి మందు ఉంది. కాళ్లు ఉన్న చోటే ఉండి పై పలక మాత్రం ఊగిందంటే ఇంటికి వచ్చేయండి. ఎన్ని మేకులు కొట్టినా ఆ జబ్బు నయం కాదు.

జరిగే బల్లకు మందు ఏమిటంటే, కుడిచేతి వాటం వాళ్లు చిత్రికను కుడి నుంచి ఎడమకు నడుపుతారు కాబట్టి బల్ల ఎడమ చివరను గోడకు ఆనించడం. గోడ మీ తరఫున నిలబడుతుంది. నున్నటి టైల్స్ నేల అయితే కాళ్ల కింద పాత సైకిలు ట్యూబు ముక్కలు వేయండి. కింద అడ్డకర్రల మీద ఒక చెక్క పరిచి, నాలుగు ఇసుక మూటలు పెట్టినా బల్ల కదలదు.

అసలు బరువు ఎంత ఉండాలి? లెక్క మీరే వేసుకోవచ్చు. ఆరడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, మూడంగుళాల మందం ఉన్న పై పలక అంటే 3 ఘనపుటడుగుల కలప. ఎండిన టేకు ఘనపుటడుగు సుమారు 18 కిలోలు తూగుతుంది, తుమ్మ 22 కిలోల పైమాటే. టేకు పలక 55 కిలోల దాకా వస్తుంది, తుమ్మ పలక 65 దాటుతుంది. కాళ్లూ అడ్డకర్రలూ కలుపుకుంటే నూరు కిలోలు సులభంగా అవుతుంది. చేతి చిత్రికతో పని చేసేవాళ్లకు అంతకంటే తక్కువ బరువున్న బల్ల నేను చెప్పను.

ఈ లెక్కలోనే ఇంకో సంగతి ఉంది, గమనించారా? బల్లకు టేకు వేయడం దండగ. టేకుకు ఖరీదు ఎందుకు పెడతాం? అది వంకర పోదు, చెదలు త్వరగా పట్టవు, చూడటానికి బాగుంటుంది. ద్వారబంధానికి ఆ గుణాలు కావాలి. బల్లకు కావలసింది బరువు, దెబ్బ తట్టుకునే ఓపిక. మన పల్లెల్లో బండి చక్రాలకూ నాగళ్లకూ తుమ్మను వాడింది ఊరికే కాదు. తుమ్మ దొరకకపోతే మద్ది, వేప, మామిడి ఏదైనా సరే. మామిడి తుమ్మ కంటే తేలికే, అయితే మందంగా వేసుకుంటే పనికి వస్తుంది. పాత ఇళ్లు కూల్చినప్పుడు వచ్చే దూలాలు అమ్మే దుకాణాలు ప్రతి పట్టణంలోనూ ఉంటాయి. దశాబ్దాల పాటు ఎండిన కలప అక్కడ దొరుకుతుంది. కోయించే ముందు అయస్కాంతంతో మేకులన్నీ వెతికి తీయండి, లేకపోతే కోత మిల్లు వాడు రంపం బ్లేడు ఖరీదు మీ దగ్గరే వసూలు చేస్తాడు.

ఇక ఎత్తు. తిన్నగా నిలబడి చేతులు వదులుగా వేలాడదీయండి. చిటికెన వేలు అరచేతిలో కలిసే చోట కణుపు ఉంటుంది కదా, అది నేల నుంచి ఎంత ఎత్తులో ఉందో కొలవండి. చేతి చిత్రికకు బల్ల ఎత్తు అటూ ఇటుగా అంతే ఉండాలి. బాబూ, నువ్వొకసారి ఇలా రా. అమ్మా, నువ్వు కూడా. టేపు పట్టుకోండి ఎవరైనా. అబ్బాయికి 31 అంగుళాలు వచ్చింది, అమ్మాయికి 28. మూడంగుళాల తేడా! ఫోటోల్లో కనబడే విదేశీ బల్లలు మామూలుగా 33, 34 అంగుళాల ఎత్తులో వస్తాయి. వాటి మీద ఈ అమ్మాయి చిత్రిక పడితే నడుము, తొడల బలం ఏదీ పనికిరాదు. రెండు మోచేతులూ పైకి లేపి చేతులతోనే తోయాలి. అరగంటకు అలసిపోతుంది, తనకు బలం చాలదనుకుంటుంది. అది బల్ల తప్పు.

ఇందులో ఒక మెలిక కూడా ఉంది. మీ దగ్గర ఉన్నది పాతకాలపు చెక్క చిత్రిక అయితే దాని ఎత్తు ఎక్కువ, చెయ్యి ఇనుప చిత్రిక మీద కంటే ఇంకా పైన ఉంటుంది. అలాంటప్పుడు బల్ల మరో అంగుళం తగ్గాలి. సొంతంగా చేయించుకునేవాళ్లు కాళ్లు రెండంగుళాలు పొడవు ఉంచి, కొన్నాళ్లు పని చేసి చూసుకుని, అప్పుడు కోసుకోండి.

18వ శతాబ్దంలో పారిస్‌లో ఆంద్రే జాకబ్ రూబో అనే వడ్రంగి ఉండేవాడు. తన వృత్తి గురించి 1769 నుంచి సంపుటాలుగా రాసి, బొమ్మలతో సహా అచ్చు వేయించాడు. అందులోని బల్లను ఈనాటికీ ప్రపంచమంతా తయారు చేసుకుంటున్నారు. అయిదారు అంగుళాల మందం ఉన్న ఒకే పలక, నాలుగు లావాటి కాళ్లు, చిత్రిక పట్టేటప్పుడు చెక్కను ఆపే అడ్డు, చెక్కను నొక్కి పట్టే ఇనుప కొక్కెం, దాదాపు అంతే. ఆయన బల్లలో నాకు అన్నిటికంటే నచ్చేది కాళ్లు పెట్టిన చోటు. ముందు కాళ్లు పై పలక అంచుతో సమంగా ఉంటాయి, లోపలికి పోవు. దానివల్ల ఏమవుతుంది? ఏడడుగుల తలుపు రెక్కను అంచు మీద నిలబెట్టి బల్ల ముందు భాగానికి ఆనిస్తే అది కాళ్లకు కూడా ఆనుతుంది. ఎడమ పక్క ఒక వైసు పెట్టి అందులో బిగించి, కుడి కాలికి ఒక మేకు దిగగొట్టి దాని మీద కూర్చోబెడితే తలుపు అంచు చిత్రిక పట్టడానికి ఒక్కడే చాలు. మన దగ్గర ఈ పనికి ఇద్దరు కావాలి. ఒకడు తలుపును గోడకు అదిమి పట్టుకుని నిలబడతాడు, ఇంకొకడు చిత్రిక పడతాడు. పట్టుకున్నవాడికీ కూలి ఇవ్వాలి.

ఆ ఇనుప కొక్కెం గురించి చెప్పి ముందుకు పోతాను. ఇదిగో, వంచిన కడ్డీ ఇది. బల్లకు ముప్పావు అంగుళం రంధ్రం వేసి, ఈ కడ్డీని అందులో దించి, తల మీద సుత్తితో ఒకటి వేస్తే, ఏటవాలుగా బిగుసుకుని చెక్కను అదిమి పట్టేస్తుంది. వెనక నుంచి ఒకటి తగిలిస్తే ఊడిపోతుంది. కడ్డీ రంధ్రం కంటే కాస్త సన్నగా ఉండాలి, సరిగ్గా అదే కొలతలో ఉంటే బిగుసుకోదు. దీన్ని ఏ కమ్మరి అయినా చేసి ఇస్తాడు. వేలు పోసి వైసు కొనే ముందు ఇది రెండు చేయించుకోండి.

ఇప్పుడు ఉలి దెబ్బ. ఈ బల్ల మీద స్టీలు గ్లాసు నిండా నీళ్లు పోసి పెడుతున్నాను. ముందు వరుసలో ఉన్నవాళ్లు గ్లాసును చూడండి, మిగతావాళ్లు చప్పుడు వినండి. చెక్కను బల్ల నడుమ, రెండు కాళ్లకూ మధ్యలో పెట్టాను. కొడుతున్నాను.

(ఉలి దెబ్బలు)

నీళ్లు చిందాయి. చప్పుడు డొల్లగా ఉంది, కొట్టాక కూడా కాసేపు మోగింది. ఇప్పుడు అదే చెక్కను జరిపి సరిగ్గా కాలి పైన పెడుతున్నాను. గ్లాసు నింపండి మళ్లీ.

(ఉలి దెబ్బలు)

నీళ్ల మీద సన్నటి వలయాలు వచ్చాయి, చుక్క మాత్రం బయటపడలేదు. చప్పుడు పొట్టిగా, గట్టిగా ఉంది. ఈ రెండు గాట్లూ దగ్గరికి వచ్చి చూడండి. ఉలి అదే, చెయ్యి అదే, దెబ్బలు అన్నే. కాలి పైన కొట్టిన గాటు లోతుగా దిగింది, దాని అంచులు కూడా నలగలేదు. నడుమ కొట్టినప్పుడు పలక కిందికి వంగి దెబ్బలో కొంత మింగేసింది. ఎంత మంచి బల్లకైనా నడుమ ఈ ఊగు కొంత ఉంటుంది. కుసి బెజ్జాలు, అంటే ఇంకో చెక్క నాలుక దూరే రంధ్రాలు, తొలిచే పని ఎక్కువ ఉన్నవాళ్లు కాలి పైన అరడుగు చోటు ఎప్పుడూ ఖాళీగా ఉంచుకోండి. మనవాళ్లు సరిగ్గా అక్కడే టీ గ్లాసులు పెడతారు. (నవ్వులు) ఇంకొక మాట. చెక్కను వైసులో బిగించి బెజ్జం కొట్టకండి. ఆ దెబ్బలన్నీ వైసు మరకు తగులుతాయి, చెక్క కూడా కొంచెం కొంచెంగా కిందికి జారుతుంది. బల్ల మీద పడుకోబెట్టి, కొక్కెంతోనో క్లాంపుతోనో అదిమి కొట్టండి.

సరే, ఇప్పటికి మీలో ఎవరికైనా అనుమానం వచ్చి ఉండాలి. మన తాతలు ఏ బల్ల మీద చేశారు? వాళ్లకు బల్ల లేదు కదా?

వాళ్ల బల్ల నేల. ఊగదు, జరగదు, ఎంత కొట్టినా కుంగదు. ఒక దిమ్మ వేసుకుని, దాని మీద చెక్క పెట్టి, మడమతో నొక్కి, బొటనవేలితో అంచు పట్టి, రెండు చేతులూ పనిముట్టుకు వదిలేసేవాళ్లు. వైసు మర తిప్పడానికి పట్టే సమయంలో కాలితో చెక్కను మూడుసార్లు తిప్పి పట్టుకోవచ్చు. బాడిస, అంటే చిన్న గొడ్డలి లాంటి పనిముట్టు, దాని పని ఈనాటికీ నిలబడి చేసే బల్ల మీద కుదరదు, నేల మీదే చేయాలి. కొండపల్లిలో తెల్ల పొణికి బొమ్మలు చెక్కేవాళ్లు, తిరుపతి జిల్లా మాధవమాలలో దేవతా విగ్రహాలు చెక్కేవాళ్లు, బొబ్బిలిలో పనస దుంగను తొలిచి వీణ చేసేవాళ్లు నేల మీద కూర్చుని చేసే పని చూసినవాళ్లు ఎవరూ బల్ల లేదు కాబట్టి పని తక్కువ రకం అనరు. ఏటికొప్పాకలో అయితే తరిణె యంత్రమే బల్ల. అంకుడు కర్ర దాని మీద తిరుగుతుంటుంది, పట్టుకునే బెంగ లేదు.

ఇది మన ఒక్కరి పద్ధతి కూడా కాదు. జర్మనీలో సాల్‌బుర్గ్ అనే చోట రోమన్ల సైనిక కోట ఉంది. అక్కడి పాత బావుల్లో ఆ కాలపు వడ్రంగి బల్లలు దొరికాయి. పొట్టి కాళ్ల మీద పొడవాటి పలక, మనిషి దాని మీదే కూర్చుని పని చేసుకునే ఎత్తు. జపాన్ వడ్రంగులు చిత్రికను తోయరు, తమ వైపు లాగుతారు. వాళ్లకు మందమైన దూలం చాలు, ఒక చివర ఎత్తు చేసి ఏటవాలుగా పెట్టుకుని వెనక్కి నడుస్తూ లాగుతారు. లాగేటప్పుడు చెక్క మీ వైపు వస్తుంది కాబట్టి అడ్డు కూడా ఆ చివరే ఉంటుంది. పనిముట్టు దిశ మారితే బల్ల రూపమే మారిపోయింది చూడండి.

నేల ఎక్కడ పనికిరాదో కూడా చెప్పాలి. పొడవాటి పలకలు చిత్రిక పట్టడానికి కుదరదు, లేచి నడవాలి. మోకాళ్లు, నడుము అరిగిపోతాయి, మా పెద్దవాళ్లను చూసి చెబుతున్నాను. అన్నిటికంటే ముఖ్యం, కరెంటు పనిముట్లు. ఐటీఐ పిల్లలు ఈ మాట బాగా వినండి. కాలితో చెక్క పట్టుకోవడం చేతి రంపానికీ ఉలికీ పుట్టిన పద్ధతి. చేతి రంపం మీరు ఆపితే ఆగుతుంది. కరెంటు రంపం ఆగదు. దాన్ని నేల మీద, కాలి పక్కన నడిపేవాళ్లను కట్టడాల దగ్గర రోజూ చూస్తున్నాం. అది వాళ్ల తాతల పద్ధతి కాదు. తాతలు చూసి ఉంటే చెంప పగలగొట్టేవాళ్లు. కరెంటు రంపం పట్టుకున్న రోజు బల్ల తప్పనిసరి, చెక్కకు రెండు క్లాంపులు తప్పనిసరి.

కట్టడాల దగ్గర మనవాళ్లు ఇంకొకటి చేస్తారు. ప్లైవుడ్ బల్లకు గాడి కొట్టి, కరెంటు రంపాన్ని కింద నుంచి తలకిందులుగా బిగిస్తారు. తెలివైన ఏర్పాటే, కానీ బ్లేడుకు కవచం ఉండదు, కోసిన ముక్క అవతలికి పోయి పడిపోతుంది. పడిపోయే ముక్కను పట్టుకోబోయి చెయ్యి బ్లేడు మీదికి పోతుంది. అలాంటి యంత్రం ఉన్నవాళ్లు ముందు కవచం పెట్టించుకోండి. దాని వెనక సరిగ్గా అదే ఎత్తులో ఒక ఖాళీ బల్ల వేయండి. ఒక్క సూతు, అంటే అంగుళంలో ఎనిమిదో వంతు, తక్కువైనా ఫరవాలేదు, ఎక్కువైతే మాత్రం ముక్క తట్టుకుని వెనక్కి తన్నుతుంది. ఈ బల్లకు బరువు అక్కర్లేదు, వైసు అక్కర్లేదు. ఎత్తు ఒక్కటే దాని అర్హత.

సన్నటి పనికి వద్దాం. సొరుగుల మూలలకు డవ్‌టెయిల్, అంటే పావురం తోక ఆకారపు అతుకు, కోసేవాళ్లు, చెక్కలో వేరే ముక్కలు పొదిగే పని చేసేవాళ్లు. ఇక్కడ బలం తక్కువ, కన్ను పని ఎక్కువ. చిత్రిక బల్ల మీద ఈ పని చేస్తే గీత కనబడటానికి వంగి వంగి మెడ పట్టేస్తుంది. దీనికి 38 నుంచి 40 అంగుళాల ఎత్తు కావాలి, ఇంచుమించు మోచేతి ఎత్తు. అంటే ఇంకో బల్లా? అవసరం లేదు. 17వ శతాబ్దంలో జోసెఫ్ మాక్సన్ అనే ఇంగ్లండ్ ముద్రాపకుడు వడ్రంగుల పని గురించి రాసిన దాంట్లో రెండు మరల వైసు ఒకటి ఉంది. రెండు దట్టమైన కర్రలు, చెరో చివర ఒక మర. దాన్ని బల్ల మీద పెట్టి క్లాంపులతో బిగిస్తే పని ఎత్తు అరడుగు పెరుగుతుంది. రెండు మరల మధ్య అడుగున్నర వెడల్పు పలక పడుతుంది. మామూలు వైసుకు మర నడుమ ఉంటుంది కాబట్టి వెడల్పాటి పలక నిలువుగా పట్టదు. ఈ వైసు మీరే చేసుకోవచ్చు, లావాటి బోల్టులు, నట్లు చాలు.

నిలబడి శిల్పం చెక్కేవాళ్లకు కూడా మోచేతి ఎత్తే. కానీ వాళ్ల బల్ల గోడకు ఆనించకూడదు. చిన్నదిగా, బరువుగా, గది మధ్యలో ఉండాలి. చెక్కేటప్పుడు నార ఎటు పోతే ఉలి అటు పోవాలి. ప్రతిసారీ చెక్కను విప్పి తిప్పడం కంటే మీరే చుట్టూ తిరగడం తేలిక.

ఇప్పుడు అందరూ చిన్నచూపు చూసే బల్ల. బిగింపు బల్ల. అలమరలు, మంచాలు, తలుపు చట్రాలు జిగురు పెట్టి కూర్చే చోటు. దీనికి ఎత్తు 24 నుంచి 28 అంగుళాలు చాలు, ఎందుకంటే దాని మీద అలమర నిలబెడితే పై భాగం మీకు అందాలి. బలం గురించి చింత లేదు. మరి దేని గురించి చింత? వంకర గురించి. తలుపు చట్రం జిగురు ఆరే రాత్రంతా ఈ బల్ల మీద పడుకుంటుంది. బల్ల ఒక మూల పావు అంగుళం లేచి ఉంటే చట్రం ఆ వంకరలోనే గట్టిపడుతుంది. తరవాత ఎన్ని మడతబందులు మార్చినా తలుపు మూల బయటికే ఉంటుంది. ఇంటి యజమాని మడతబందులు అమ్మినవాడిని తిడతాడు.

వంకర ఎలా కనిపెట్టాలి? రెండు దారాలు చాలు. ఇద్దరు రండి. ఈ దారాన్ని ఈ మూల నుంచి ఆ మూలకు, ఇంకో దారాన్ని మిగతా రెండు మూలలకు, బల్లకు ఆనించి బిగుతుగా లాగి పట్టుకోండి. నడుమ రెండూ కలిసే చోట చూడండి. కింది దారానికీ పై దారానికీ మధ్య సందు ఉంది కదా, కాగితం మడత దూరేంత? అంటే మూలలు ఒకే మట్టంలో లేవు. ఇప్పుడు పై దారాన్ని కిందికి, కింది దాన్ని పైకి మార్చి పట్టుకోండి. ఈసారి ఒకదాన్నొకటి నొక్కుకుంటున్నాయి. ఇలా తిరగేసి చూడటం మరిచిపోకూడదు, ఒక్కసారే చూస్తే ఒక వైపు వంకర మీ కంట పడదు. రెండు సార్లూ దారాలు ముద్దు పెట్టుకున్నట్టు తగిలి ఊరుకుంటే బల్ల సరిగ్గా ఉన్నట్టు. లేకపోతే కాలి కింద ప్లైవుడ్ చీలిక పెట్టి సరిచేయండి. ఇంతకంటే ఖరీదైన పరికరం దీనికి అక్కర్లేదు.

ఈ బల్ల మీద జిగురు కారకుండా పాత ఫ్లెక్సీ పరుచుకోండి. ఎండిన ఫెవికాల్ దాని మీద నుంచి ఊడి వస్తుంది. మన రాష్ట్రాల్లో ఫ్లెక్సీలకు కరువు ఎప్పుడూ రాదు. (నవ్వులు)

మడత బల్లల గురించి అడుగుతారని తెలుసు. బ్లాక్ అండ్ డెకర్ వాళ్ల వర్క్‌మేట్ చూసే ఉంటారు. దాన్ని రూపొందించిన రాన్ హిక్‌మన్ లోటస్ కంపెనీలో కార్లు తయారు చేసిన మనిషి. కుర్చీ మీద పెట్టి చెక్క కోస్తూ కుర్చీని కూడా కోసుకున్నాడట, దాంతో ఈ ఆలోచన వచ్చింది. మొదట బ్లాక్ అండ్ డెకర్ వద్దంది. 1970ల మొదట్లో అదే కంపెనీ తయారీ మొదలుపెట్టాక లక్షలు దాటి కోట్లలో అమ్ముడైంది. బల్ల పై భాగమే వైసుగా పనిచేయడం అందులోని గొప్పతనం. కొలతకు కోసుకోవడానికి, రంధ్రాలు వేయడానికి, ఇళ్లకు వెళ్లి పని చేసేవాళ్లకు అంతకంటే మంచిది లేదు. కింద మెట్టు మీద కాలు పెట్టి నిలబడాలి, మీ బరువే దాని బరువు. చిత్రిక పని మాత్రం దాని మీద పెట్టకండి.

మీ ప్రశ్నలకు సమయం ఉంది. చెప్పమ్మా.

హైదరాబాద్‌లో మూడో అంతస్తు ఫ్లాటు, బాల్కనీలో చోటు, కింద ఇంటివాళ్లు గొడవ పెడతారు. అదీ ప్రశ్న. ముందు చోటు. నాలుగడుగుల బల్ల చాలు, మీరు తలుపులు చేయబోవడం లేదు కదా. 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ పెద్ద షీటు, అంటే ఎనిమిది నాలుగుల షీటు, ఒకటి తీసుకుని నాలుగు ముక్కలు కోయిస్తే నాలుగడుగులు, రెండడుగుల పలకలు నాలుగు వస్తాయి. మూడింటిని జిగురుతో ఒకదాని మీద ఒకటి అతికితే 54 మిల్లీమీటర్ల పై పలక, వంకర పోదు, చీలదు. నాలుగోది కింద అరగా వేసుకోండి. షీటు మొత్తం 30 కిలోలకు పైగా ఉంటుంది, కాళ్లు ఏ లావాటి పాత కలపతోనైనా వేయించండి. అతికేటప్పుడు మాత్రం చదునైన నేల మీద పెట్టి, బరువులు సమంగా వేయండి, ఇందాక దారాలతో చూపించిన కారణమే. ఇక చప్పుడు. కొడతి దెబ్బ కాళ్ల ద్వారా స్లాబులోకి పోతుంది. కాళ్ల కింద మందమైన రబ్బరు వేయండి. బెజ్జంలో ముప్పాతిక భాగం డ్రిల్లుతో తీసేసి, మిగిలింది ఉలిని చేత్తో నొక్కి గీకండి. దెబ్బే లేకపోతే గొడవా లేదు. అప్పుడు బలం చేతి నుంచి వస్తుంది కాబట్టి కాలి పైన పెట్టాలన్న నియమం కూడా అంత పట్టించుకోనక్కర్లేదు.

వెనక ఆయన. కాకినాడ నుంచా? వానాకాలంలో బల్ల ఉబ్బుతోందంటున్నారు. ఉబ్బుతుంది. కలప పొడవునా పెద్దగా మారదు, వెడల్పున మారుతుంది. తీరంలో వానలకూ ఎండాకాలానికీ తేడా ఎక్కువ. అందుకని పై పలకను కాళ్లకు వెనక అంచున కదలకుండా స్క్రూలతో గట్టిగా బిగించకండి. ముందు వైపు గట్టిగా బిగించి, వెనక వైపు స్క్రూ రంధ్రాలను వెడల్పుగా, పొడుగ్గా కోస్తే పలక వెనక్కి పెరుగుతుంది, చీలదు. ఏడాదికి ఒకసారి, వానలు వెళ్లి గాలి ఆరాక, చిత్రికతో పైభాగం సరిచేసుకోండి. కాళ్ల కింద కడప బండ ముక్కలు వేస్తే తేమా చెదలూ రెండూ తగ్గుతాయి. పైన వార్నిష్ వద్దు, చెక్క జారుతుంది. అవిసె నూనె పూయండి. పూసిన గుడ్డను మాత్రం ఉండచుట్టి మూల పడేయకండి. ఆ నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది, చుట్టిన గుడ్డ దానంతట అదే అంటుకోగలదు. తీగ మీద విడిగా ఆరవేసి తరవాత పారేయండి.

ఇంకొక్కటి, చివరిది. ఎడమచేతి వాటం. మంచి ప్రశ్న, దీన్ని ఎవరూ అడగరు. నేను చెప్పిందంతా తిరగేయండి. వైసు ముందు వైపు కుడి చివర, చిత్రిక అడ్డు కుడి చివర, గోడ కుడి పక్కన. తలుపు ఆనించే మేకు ఎడమ కాలికి. తయారైన బల్ల కొంటే వైసు ఎడమ పక్కే ఉంటుంది, నాలుగు బోల్టులు విప్పి కుడి వైపుకు మార్చమని దుకాణంలోనే అడగండి. కుదరదంటే ఆ బల్ల కొనకండి. సరే, టేపు ఇక్కడే ఉంది, వరుసగా రండి, చిటికెన వేలి కొలత అందరికీ తీస్తాను, చెప్పులతో సహా నిలబడండి, పనిలో కూడా చెప్పులతోనే ఉంటారు కదా.